పరదా లేచేలోగా పదిహేను సెకన్లు

మనలో నలభై దాటినవారిని నిద్రలో లేపి అడిగినా ఆకాశవాణి సంకేత సంగీతం కూనిరాగం తీయగలరు. తంబుర శ్రుతి, దానిమీద వాయులీనం; ఆ తరువాత వందేమాతరం. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మా తాతగారింట్లో పొద్దున్నే పొయ్యి వెలిగేది ఆ బాణీతోనేనని నాన్నగారు చెబుతుంటారు.

కిందటి ఉగాదికి మన సంఘంవారు అలాంటిదే ఒక చిన్న బాణీ కట్టమన్నారు. ఒక అంశం ముగిసి పరదా పడి, మళ్ళీ లేచేలోగా వినిపించాలి. పదిహేను సెకన్లు చాలన్నారు. నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీరును. చిన్నప్పుడు నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకున్నవాణ్ణి. అదెంత పని అనుకున్నాను. సింథసైజర్‌లో ఉన్న వేణువులు, గంటలు, తీగవాద్యాలు అన్నీ గుమ్మరించి పన్నెండు వరసలు పేర్చాను. ఫోనులో విని నాన్నగారు, "బాగానే ఉందిరా, విమానాశ్రయంలో వేసేదానిలా ఉంది" అన్నారు.

ఆ మాట గుచ్చుకుంది. ఆకాశవాణి బాణీ ఎవరు కట్టారో వెతికాను. వాల్టర్ కాఫ్‌మన్! నేటి చెక్ దేశంలోని కార్ల్స్‌బాద్‌లో 1907లో పుట్టిన యూదు సంగీతజ్ఞుడు. నాజీల నీడ పరుచుకుంటున్న యూరప్‌ను వదిలి 1934లో బొంబాయి చేరాడు. అక్కడి రేడియోలో పనిచేశాడు. శివరంజని రాగం ఆధారంగా ఆయన కట్టిన ఆ కొన్ని స్వరాలే మనకు తెల్లవారుజాము అయ్యాయి. తరువాత కెనడా వెళ్ళాడు, 1957లో ఇండియానా విశ్వవిద్యాలయంలో చేరాడు. 1976లో దక్షిణ భారత రాగాలపై గ్రంథం ప్రచురించి, 1984లో ఇక్కడే, అమెరికాలోనే కన్నుమూశాడు. మన ఇంటి పాట అనుకున్నది ఇల్లు వదిలి వచ్చిన మనిషి కట్టినదన్నమాట!

కొద్దిపాటి సరంజామాతో పాట కట్టిన ఉదాహరణ మన పొరుగునా ఉంది. డల్లాస్‌లోని టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌వారి ఎస్‌ఎన్ 76489 అనే చిప్‌లో ఉన్నవి మూడు స్వరాలు, ఒక రొద; అంతే. 1980ల్లో ఎన్నో ఇంటి కంప్యూటర్లు, వీడియో గేములు ఆ నాలుగు గొంతులతోనే పాడాయి. గొంతులు తక్కువైతే ప్రతి స్వరమూ ఆచితూచి వేయాల్సిందే.

నేనూ పన్నెండు వరసల్లో ఎనిమిది తీసేశాను. రెండు శబ్దాలను ఒకే శ్రుతికి పెట్టి, ఒకదాన్ని వెంట్రుకవాసి జరిపితే తంబుర మోతలా అల వచ్చింది. అసలు చిక్కు గాంధారంతో. మీట నొక్కితే అది మేకు కొట్టినట్టు నిలబడిపోతుంది, గమకం పలకదు. కీబోర్డు పక్కన స్వరాన్ని వంచే చక్రం ఒకటి ఉంటుంది. 1983 నాటి మిడి ప్రమాణం దానికి 16,384 మెట్లు ఇచ్చింది. అన్ని మెట్లున్నా, ఎప్పుడు ఎంత కదపాలో చెప్పేది చిన్నప్పటి మాస్టారి పాఠమే. మూడు వారాలు రాత్రిళ్ళు ఆ చక్రంతోనే గడిచాయి.

ఉగాది రోజున ప్లేనోలోనే పుట్టిన మా అమ్మాయి తెర వెనుక మీట నొక్కింది. శివరంజని అంటే దానికి తెలియదు. ఇప్పుడు మాత్రం పళ్ళు తోముకుంటూ ఆ బాణీ తీస్తుంటుంది, గాంధారం దగ్గర కాస్త తప్పుతూ.

నాన్నగారికి మళ్ళీ ఫోనులో వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "గాంధారం ఇంకాస్త కదలాలిరా" అన్నారు.

ఈసారి కదుపుతాను. పరదా పడగానే కబుర్లలో పడకుండా, ఆ పదిహేను సెకన్లు చెవి ఒగ్గమని సభ్యులందరికీ నా మనవి.