బతికొచ్చిన యూనా

కాకినాడలో మా పిన్ని వాళ్ళింట్లో టీవీ కింద ఒక నల్లటి పెట్టె ఉండేది. ప్లేస్టేషన్ 2. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వరసగా ఊడిపోతున్న రోజుల్లో తన ఉద్యోగమూ పోయి, 2002 మొదట్లో తిరిగొచ్చేసిన బాబాయి సామాన్లతో పాటు తెచ్చింది. అది 110 వోల్టుల మీద నడిచేది కాబట్టి పక్కనే ఇటుకంత బరువున్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి గుయ్యిమంటూ ఉండేది. ఆ వేసవి సెలవుల్లో నేనూ, పిన్ని కొడుకూ దాని ముందు కూచుని ‘ఫైనల్ ఫాంటసీ టెన్’ ఆడాం. ఆ ఏడాది చివర్లో బాబాయి గుండెపోటుతో పోయాడు. పెట్టె మిగిలింది. 2004లో బాబాయి స్నేహితుడొకాయన పిల్లవాడి కోసం ఆ ఆటకి కొనసాగింపుగా వచ్చిన ‘టెన్ టూ’ పంపించాడు. మేమిద్దరం ఎంతో ఆశగా డిస్క్ పెట్టాం. తెర మీద యూనా పొట్టి బట్టల్లో, వేలమంది జనం ముందు పాట పాడుతూ నాట్యం చేస్తోంది. “ఛీ, ఈమె యూనా ఏంటి?” అన్నాను. నాకప్పుడు పదమూడేళ్ళు.

ఆ ‘ఛీ’ నా ఒక్కదానిదే కాదు. అనేక దేశాల్లో, అనేక భాషల్లో ఆటగాళ్ళు అదే మాట అన్నారు. ఇరవై ఏళ్ళకు పైగా అంటూనే ఉన్నారు. ఆ అభిప్రాయాల చరిత్రే ఈ వ్యాసం. సాహిత్యంలో పరిశోధన చేసి వీడియో గేముల గురించి రాయడమేమిటని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. ఒక కథానాయికని జనం ఎందుకు నెత్తిన పెట్టుకుంటారు, ఎప్పుడు కిందకి దించేస్తారు అన్నది సాహిత్య విద్యార్థి ప్రశ్న కాకపోతే ఇంకెవరిది?

ముందు కొంత నేపథ్యం. జపాన్‌లో స్క్వేర్ అనే కంపెనీ 1987లో మొదటి ‘ఫైనల్ ఫాంటసీ’ని విడుదల చేసింది. ఇవి రోల్ ప్లేయింగ్ గేములు. అంటే ఆడేవాళ్ళు కొన్ని పాత్రల్ని వెంటబెట్టుకుని, పదుల గంటల పాటు ఒక పెద్ద కథలో ప్రయాణం చేస్తారు. ప్రతి సంఖ్యకీ కొత్త లోకం, కొత్త మనుషులు. ఒక ఆట ముగిస్తే ఆ మనుషులతో మన రుణం తీరిపోయినట్టే. 2001 జూలైలో జపాన్‌లో, డిసెంబరులో అమెరికాలో వచ్చిన పదో ఆటలో ఈ వరసలో మొదటిసారి పాత్రలకి నటుల గొంతులు వచ్చాయి. ఏడుపు వినబడింది, నవ్వు వినబడింది. యూనా మనసుల్లో అంతగా నాటుకుపోవడానికి అదీ ఒక కారణం.

యూనాకి పదిహేడేళ్ళు. స్పైరా అనే లోకంలో ‘సిన్’ అనే మహాభూతం ఊళ్ళకి ఊళ్ళని తుడిచిపెడుతుంటుంది. దాన్ని ఆపగలిగింది ‘సమనర్’ ఒక్కరే. దైవశక్తుల్ని పిలవగల ఆ మనిషి తీర్థయాత్ర చేసి, చివరి శక్తిని పిలిచి, సిన్‌ని కూల్చి, తానూ చచ్చిపోవాలి. కొన్నేళ్ళు శాంతి. ఆ తర్వాత సిన్ మళ్ళీ వస్తుంది, ఇంకో సమనర్ బయల్దేరాలి. యూనా తండ్రి బ్రాస్కా అలా పోయినవాడే. ఇప్పుడు కూతురి వంతు. యూనా నవ్వుతూ నడుస్తుంది. దారిపొడుగునా జనం దండాలు పెడతారు. చావబోతోందని ఆమెకి తెలుసు, తోడొచ్చిన వాళ్ళకీ తెలుసు. తెలియనిది ఒక్క టీడస్‌కే. బయటి లోకం నుంచి వచ్చి ఆమెని ప్రేమించిన కుర్రాడు. కథ చెప్పేది అతనే. ఇది గుర్తుపెట్టుకోవాలి. మొదటి ఆట మొత్తం, చావుకి నడిచి వెళుతున్న ఒక ఆడపిల్లని గురించి ఒక మగపిల్లవాడు చెప్పుకునే జ్ఞాపకం.

యాత్ర చివర యూనా ఆ బలిని తిరస్కరిస్తుంది. పితృపితామహుల నుంచి వచ్చిన ఆచారమంతా అబద్ధమని తెలుసుకుని ఎదురు తిరుగుతుంది. సిన్ శాశ్వతంగా పోతుంది. కానీ టీడస్ ఒక స్వప్నం వంటి మనిషి. సిన్‌తో పాటు అతనూ మాయమైపోతాడు. విడిపోతే ఈల వెయ్యి, పరిగెత్తుకొస్తానని అతను ఒకప్పుడు అన్నాడు. చివర్లో యూనా ఓడరేవులో నిలబడి ఈల వేస్తుంది. ఎవరూ రారు. అక్కడికి మేమిద్దరం ఏడ్చాం. పిన్ని కొడుకు ఏడ్చింది ఆట కోసమేనా అని ఇప్పుడు అనుకుంటాను.

ఈ కథకి కొనసాగింపు పుట్టింది కూడా ఆటగాళ్ళ అభిప్రాయాల వల్లే. 2002లో జపాన్‌లో వచ్చిన పదో ఆట కొత్త కూర్పుతో ‘ఎటర్నల్ కామ్’ అనే చిన్న చిత్రం జతచేశారు. రెండేళ్ళ తర్వాత యూనా తన ద్వీపంలో ఉంటుంది. పొద్దుటి నుంచీ సందర్శకులు. ఆమె దర్శనం కావాలి, ఆమె మాట కావాలి. లోకాన్ని కాపాడిన మనిషి ఒక విగ్రహంలా కూచుని అందరికీ జవాబు చెబుతుంటుంది. తీరిక దొరికితే నీళ్ళలో ఊపిరి బిగబట్టడం సాధన చేస్తుంది. దాన్ని చూసినవాళ్ళు తర్వాతేమైందని అడిగారు. అంతవరకూ అలవాటు లేని పని స్క్వేర్ చేసింది. 2003 మార్చిలో ‘టెన్ టూ’ జపాన్‌లో వచ్చింది. ఈ వరసలో నేరుగా పాత కథనే అందుకున్న మొదటి ఆట ఇది. మరుసటి నెలలోనే స్క్వేర్, ఎనిక్స్ కంపెనీలు కలిసిపోయాయి. నవంబరులో అమెరికాకీ, 2004 ఫిబ్రవరిలో యూరప్‌కీ చేరింది.

అడిగింది వచ్చింది. కానీ ఊహించినట్టు రాలేదు. ఆడేవాళ్ళ చేతికి ముగ్గురే ముగ్గురు మనుషులు. యూనా, రిక్కు, పెయిన్. ముగ్గురూ ఆడవాళ్ళే. యూనా చేతిలో పాత దండం లేదు, రెండు పిస్తోళ్ళున్నాయి. పొడవు చేతుల కిమోనో పోయి పొట్టి లాగు వచ్చింది. ఎవరో ఒక పాత దృశ్యంలో టీడస్‌లాంటి కుర్రాణ్ణి చూపిస్తే అతన్ని వెదకడానికి గుడీ, ఊరూ వదిలి ఆకాశనౌకెక్కేసింది. ఈసారి కథ చెప్పే గొంతు ఆమెది. లేని టీడస్‌తో మాట్లాడుతున్నట్టు చెబుతుంది.

వచ్చిన విమర్శల్ని ఒక్కొక్కటిగా చూద్దాం. కొన్ని సబబైనవే. పాత ఊళ్ళనే చాలావరకు మళ్ళీ వాడుకున్నారన్నది నిజం. సిరీస్‌కి ఆత్మలాంటి సంగీతకారుడు నొబువో ఉఎమత్సు లేడన్న బాధా అర్థమవుతుంది. ఆయన స్థానంలో సంగీతం కూర్చిన ఇద్దరిలో ఒకరు స్త్రీ, నొరికో మత్సుఎదా. ఈ సంగతి మాత్రం ఫిర్యాదుల్లో అంతగా వినబడలేదు. యుద్ధ పద్ధతిని మెచ్చుకోని వాళ్ళు తక్కువ. మెటాక్రిటిక్ సమీక్షల లెక్కలో మొదటి ఆటకి 92, దీనికి 85. అంటే ఇది ఓడిపోయిన ఆటేమీ కాదు. అయినా ఆటగాళ్ళ నోళ్ళలో ఇది చాలాకాలం ఒక హాస్యాస్పదమైన పేరు. 2000లో వచ్చిన ‘చార్లీస్ ఏంజెల్స్’ సినిమాతో పోల్చి నవ్వేవాళ్ళు.

అన్నిటికంటే ఎక్కువ నవ్వింది బట్టల మీద. యుద్ధం మధ్యలో ముగ్గురూ దుస్తులు మార్చుకుంటారు. దుస్తుల్ని బట్టి సామర్థ్యం మారుతుంది. ఒక దుస్తుల్లో దొంగ, ఇంకో దుస్తుల్లో వైద్యురాలు, మరో దుస్తుల్లో గాయని. ‘బొమ్మలకి బట్టలు తొడిగే ఆట’ అన్నారు. అయితే ఇదే పద్ధతి 1990లో వచ్చిన మూడో ‘ఫైనల్ ఫాంటసీ’లో ఉంది. అందులో నలుగురు అనాథ మగపిల్లలు వృత్తి మారినప్పుడల్లా వేషం మారుస్తారు. అక్కడ దానికి పేరు వృత్తి. ఆడపిల్లల దగ్గరకొచ్చేసరికి అదే సింగారమైంది!

తర్వాతి ఫిర్యాదు ఆ మొదటి పాట. ‘మన యూనా అలా గెంతుతుందా?’ అని. ఇందులో ఒక తమాషా ఉంది. ఆ వేదిక మీద నాట్యం చేసింది యూనా కాదు. లెబ్లాంక్ అనే దొంగల నాయకురాలు యూనా దుస్తులు దొంగిలించి, యూనా వేషం వేసుకుని పాడుతోంది. అసలు యూనా బయట ఒక జంతువు వేషంలో ఒళ్ళంతా కప్పుకుని ఉంటుంది. ఆట మొదలైన కొద్దిసేపట్లోనే ఆ గుట్టు విప్పేస్తుంది. అయినా ఏళ్ళ తరబడి ఆ దృశ్యాన్నే యూనా దిగజారిందనడానికి సాక్ష్యంగా చూపించారు. నేనూ అంతే. గుట్టు విప్పిన తర్వాత కూడా నా ‘ఛీ’ని వెనక్కి తీసుకోలేదు. మనం ఒకసారి తీర్పు చెప్పేశాక సాక్ష్యం మారినా తీర్పు మారదు కదా.

అన్నిటికీ అడుగున ఉన్న ఫిర్యాదు ఒకటే. ప్రియుడు పోయి రెండేళ్ళే అయింది, అప్పుడే ఇంత ఉల్లాసమా? చావడానికి బయల్దేరినప్పుడు యూనాని ఎవరూ ప్రశ్నించలేదు. బతికొచ్చి నవ్వితే మాత్రం సంజాయిషీ అడిగారు.

అలాగని తయారుచేసిన వాళ్ళని నేను వెనకేసుకు రావడం లేదు. దర్శకుడు మొతోము తొరియామా, నిర్మాత యొషినొరి కితసే, కథారచయితలు, ముఖ్య రూపకర్త అందరూ మగవాళ్ళే. దుస్తులు మారేటప్పుడు కెమెరా ఎక్కడెక్కడ ఆగుతుందో చూస్తే ఎవరి కళ్ళ కోసం ఆగిందో తెలిసిపోతుంది. వేడినీటి గుండంలో స్నానాల ఘట్టం కథకి ఏ రకంగానూ అవసరం లేదు. అందుకే స్త్రీలైన ఆటగాళ్ళు కూడా రెండుగా చీలిపోయారు. ముగ్గురు ఆడవాళ్ళు, మధ్యలో మగదిక్కు లేకుండా, స్నేహంతో, హాస్యంతో లోకం తిరిగే పెద్ద ఆట దొరికిందని సంతోషించిన వాళ్ళున్నారు. స్వేచ్ఛ పేరుతో మన ఒంటినే మనకి అమ్ముతున్నారని మండిపడ్డ వాళ్ళున్నారు. ఈ రెండు మాటలూ నిజమే. ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధం కానవసరం లేదు.

నాకు బాధ కలిగించేది ఇంకోటి. టీడస్ తిరిగొచ్చే ముగింపుల్లో అన్నిటికంటే పూర్తిదాన్ని చూడాలంటే కథని 100 శాతం పూర్తిచెయ్యాలి. ప్రతి మనిషినీ పలకరించాలి. మేచెన్ అనే ముసలి పండితుడు చెప్పే అంతులేని చరిత్ర పాఠాన్ని మధ్యలో ఆపకుండా వినాలి. లెక్క తగ్గితే ఇంకోసారి మొదటి నుంచి ఆడి పూర్తిచేసుకోవాలి. ఎవరినీ నొప్పించకుండా, ఏ బాధ్యతా వదలకుండా తిరిగిన యూనాకే తన కోరిక తీరుతుంది. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ?

అయినా ఈ ఆట గుండెకాయ వేరే చోట ఉంది. వెయ్యేళ్ళ కిందటి పగతో రగులుతున్న షుయిన్ ఆత్మ ఒక మహాయంత్రంతో లోకాన్ని కాల్చెయ్యబోతుంది. నూజ్ అనే నాయకుడు తను ప్రాణం ఇచ్చి దాన్ని ఆపుతానంటాడు. గంభీరమైన, వీరోచితమైన పథకం. యూనా కోపంతో అడ్డుపడుతుంది. ఎవరో ఒకరు పోతే తప్ప గెలుపు లేదనే ఆలోచన తనకి నచ్చలేదని, అలా గెలిచి ఏం పోగొట్టుకున్నానో తనకి తెలుసని చెబుతుంది. రెండేళ్ళ దుఃఖం అక్కడ బయటపడుతుంది. దుఃఖం లేదని మనం నిందించిన మనిషి, ఆ దుఃఖం నుంచే ఒక రాజకీయం తయారుచేసుకుంది. ఇంకెవరూ బలి కాకూడదన్న రాజకీయం. నవ్వుతూ చావడానికి వెళ్ళిన యూనా కంటే, చావొద్దని అరిచిన ఈ యూనా ఎందులో తక్కువ?

2013 డిసెంబరులో జపాన్‌లోనూ, 2014 మార్చిలో మిగతా దేశాల్లోనూ రెండు ఆటల్నీ కలిపి కొత్త నాణ్యతతో విడుదల చేశారు. అందులో చేర్చిన శబ్దనాటికలో యూనా, టీడస్‌ల మధ్య బంధం తెగుతున్నట్టు చూపిస్తే మళ్ళీ గొడవ. ఆమె తన మనసు మార్చుకునే హక్కు ఇంకా మన చేతుల్లోనే ఉన్నట్టు! అయితే ఈసారి కొత్త గొంతులూ వినిపించాయి. చిన్నప్పుడు ఎగతాళి చేసిన వాళ్ళు పెద్దయ్యి, తమ వాళ్ళని పోగొట్టుకుని, మళ్ళీ ఆడి, అప్పుడు అర్థం కాలేదని చెప్పడం మొదలుపెట్టారు. నేనూ ఆ కూర్పులోనే మళ్ళీ ఆడాను, పరిశోధన మధ్యలో, హాస్టల్ గదిలో.

2005లో మా ఇంట్లో ఒక పెళ్ళి జరిగింది. పిన్ని చిలకపచ్చ పట్టుచీర కట్టుకుని వచ్చింది. అప్పటికి స్కూల్లో ఉద్యోగంలో చేరింది, స్కూటీ నేర్చుకుంది. బంధువుల్లో ఒకావిడ పక్కావిడతో “మూడేళ్ళయినా కాలేదు, అప్పుడే మర్చిపోయిందా?” అంది. నాకు వినబడింది. ఆవిణ్ణి నేనేమీ అనలేదు. నిజం చెప్పాలంటే, నాకూ ఆ చీర రంగు కాస్త ఎక్కువనే అనిపించింది.

అంతకుముందు ఏడాది, ఆ డిస్క్ పెట్టిన రోజు, నేను ‘ఛీ’ అన్నప్పుడు పిన్ని వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తెర వంక చూసింది.

“ఎవరే ఆ పిల్ల?”

“యూనా పిన్నీ. ఇదివరకు చాలా మంచిది. లోకం కోసం చచ్చిపోవడానికి బయల్దేరింది.”

“చచ్చిపోయిందా?”

“లేదు.”

“మరింకేం, ఆడుకోనియ్యి” అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఈ వ్యాసం రాసే ముందు పిన్నికి ఫోన్ చేసి ఆ సంగతి గుర్తుందా అని అడిగాను. లేదంది. ఆ చీర సంగతి అడిగాను. “అదా, ఇంకా ఉంది. నీకు కావాలా?” అంది.