చొప్ప నుండి పచ్చిక దాకా: ఒంగోలు పశుజాతి మేత చరిత్ర

1. ఉపోద్ఘాతం

పశుజాతి చరిత్ర అనగానే వంశక్రమం, మేని రంగు, మూపురం, పోటీలలో గెలిచిన బహుమతులు స్ఫురిస్తాయి. ఆ పశువు ఏమి తిని పెరిగింది, ఆ మేత ఏ నేల నుండి వచ్చింది అనే ప్రశ్న వెనుకబడిపోతుంది. తెలుగునేలపై దుక్కికి, బండికి పెంచిన ఒంగోలు జాతి బ్రెజిల్‌లో ‘నెలోర్’ పేరుతో మాంస విపణికి మూలాధారమైంది. జాతి ఒక్కటే అయినా రెండు చోట్లా మేత వ్యవస్థలు వేరు. ఆ భేదాన్ని, దాని పర్యవసానాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. సొంత నేలలో మేత

గుండ్లకమ్మ, మూసి నదుల పరిసరాలలోని నల్లరేగడి నేలలు ఈ జాతికి పుట్టినిల్లు. ఇక్కడి రైతు పశువు కోసం ప్రత్యేకించి కేటాయించిన భూమి స్వల్పం. గింజ మనిషికి, చొప్ప పశువుకు అన్నదే ఏర్పాటు. జొన్నచొప్ప, వరిగడ్డి ప్రధానమైన మేత కాగా పిల్లిపెసర, జనుము పచ్చిమేతగా ఉపకరించేవి. తవుడు, ఉలవలు, పత్తిగింజలు, తెలగపిండి దాణాగా పెట్టేవారు. పశువు ఆ రుణాన్ని దుక్కితో, ఎరువుతో తీర్చుకునేది. ఎన్ని పశువులను పోషించవచ్చో గడ్డివామి పరిమాణమే నిర్ణయించేది.

3. బ్రెజిల్ ప్రస్థానం

1868లో ఒక జత పశువులు బయియా రాష్ట్రంలోని సాల్వదోర్ రేవుకు చేరినట్లు బ్రెజిల్ పశుపోషక చరిత్రలు పేర్కొంటాయి. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుకే అక్కడ ‘నెలోర్’ అన్న పేరు స్థిరపడింది. 1938లో జాతి లక్షణాల నమోదు మొదలైంది. 1960వ దశకం ఆరంభంలో మరికొన్ని మేలుజాతి ఆబోతులు భారతదేశం నుండి వెళ్లాయి.

ఎండను, పురుగుపుట్రను, ముతక గడ్డిని తట్టుకోగలగడం ఈ జాతి విస్తరణకు తోడ్పడింది. అయితే ‘సెరాదో’ అనే మధ్య బ్రెజిల్ మైదానాలలోని నేల ఆమ్లగుణం కలది, భాస్వరం కొరవడినది. వానకాలంలో ఒళ్లు చేసిన పశువు ఎండాకాలంలో చిక్కిపోయేది. విపణికి తగిన బరువు రావడానికి నాలుగేళ్లు, ఒక్కోసారి అంతకు మించి పట్టేది.

ఈ అవరోధాన్ని తొలగించినది ప్రధానంగా ఆఫ్రికా నుండి వచ్చిన బ్రకియేరియా గడ్డి. 1973లో ఏర్పడిన ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా 1984లో ‘మరందు’ అనే రకాన్ని విడుదల చేసింది. నేలకు సున్నం, భాస్వరం; పశువుకు ఖనిజ లవణాలు; ఎండాకాలంలో యూరియా కలిపిన ఉప్పు; చివరి మూడు నెలలు కొన్నిచోట్ల దొడ్డిలో కట్టి మొక్కజొన్న, సోయాచెక్క. ఈ విధంగా మేత ఖర్చుతో కూడిన వ్యవహారమైంది.

4. మాంసానికి పట్టే మేత

పశువు రోజుకు తన బరువులో రెండు నుండి రెండున్నర శాతం ఎండుమేత తింటుంది. అనగా 400 కిలోల పశువుకు 8 నుండి 10 కిలోలు. దానికి తోడు ఎండను బట్టి 30 నుండి 50 లీటర్ల నీరు. దొడ్డిలో దాణా పెట్టినా ఒక కిలో బరువు పెరగడానికి 6 నుండి 8 కిలోల ఎండుమేత కావాలి. ఆ బరువులోనూ దాదాపు సగం మాత్రమే కళేబరంగా దక్కుతుంది. బ్రెజిల్ పచ్చిక బయళ్లలో హెక్టారుకు సగటున ఒక పశువుకు కొంచెం పైబడి ఉంటుంది. మందలు పెరగాలంటే గడ్డి దిగుబడి పెరగాలి, లేదా అడవి తరగాలి. ఆచరణలో రెండూ జరిగాయి. సెరాదో సహజ వృక్షసంపదలో సుమారు సగం అంతరించింది. అమెజాన్‌లో నరికిన నేలలో అధికభాగం పచ్చికగా మారింది.

5. ముగింపు

ఒంగోలు ప్రాంతంలో మేత పంటకు అనుబంధం; బ్రెజిల్‌లో మేతే పంట. తక్కువ మేతతో నిలదొక్కుకునే గుణం ఈ జాతికి ఖ్యాతి తెచ్చింది. కానీ తట్టుకోవడం వేరు, విపణి కోరిన గడువులో బరువు పెరగడం వేరు. రెండవదానికి భూమి, ఖనిజం, నీరు మూల్యంగా చెల్లించాలి. ఇటు పుట్టినింట పొగాకు, పత్తి విస్తరించి జొన్న తగ్గడంతో చొప్ప కరవైంది. ట్రాక్టరు రాకతో ఎద్దు పని తగ్గింది. అక్కడ మంద పెరగడానికి, ఇక్కడ తగ్గడానికి గల కారణాలలో మేత ముఖ్యమైనది. కనుక జాతి పరిరక్షణ వీర్య సేకరణతో, పోటీలతో మాత్రమే సాధ్యం కాదు. చొప్పనిచ్చే పైరుకు పొలంలో తిరిగి చోటు కల్పించడమూ అందులో భాగం కావాలి.