‘మెట్రోపొలిస్’ చిత్రమున యంత్రస్త్రీ

విజ్ఞానకల్పనా చలనచిత్రములలో స్త్రీ చిత్రణమును పరిశీలింపగోరువారు 1927 జనవరి 10న బెర్లిన్ నగరమున ప్రథమముగా ప్రదర్శింపబడిన ‘మెట్రోపొలిస్’తో ప్రారంభించుట యుక్తము. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్. నవలను, చిత్రానువాదమును రచించినది ఆయన భార్య థియా ఫాన్ హార్బో. ఆమె పేరు భర్త పేరు వెనుక తరచు మరుగుపడుచుండును.

ఇందు నగరాధిపతి ఫ్రెడర్సన్, శాస్త్రజ్ఞుడు రోట్వాంగ్ ఇరువురును హెల్ అను యువతిని ప్రేమించిరి. ఆమె ఫ్రెడర్సన్‌ను పెండ్లాడి, ప్రసవమున మరణించెను. ఆమెను మరల పొందగోరి రోట్వాంగ్ లోహదేహముగల యంత్రస్త్రీని నిర్మించెను. ఫ్రెడర్సన్ దానికి, శ్రామికులు గౌరవించు మేరియా రూపము నిప్పించి, వారిని వంచింప నియోగించెను. సాధ్విగను మాయావినిగను నటించినది ఒక్కతెయే, బ్రిగిట్టె హెల్మ్.

యంత్రస్త్రీ ధనికుల యెదుట నర్తించు ఘట్టమున తెర యంతయు పురుషుల కన్నులతో నిండిపోవును. చలనచిత్రమున చూచువాడు పురుషుడు, చూడబడునది స్త్రీ యని స్త్రీవాద విమర్శకురాలు లారా మల్వీ 1975లో ‘స్క్రీన్’ పత్రికయందు ప్రతిపాదించెను. దానికి ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము దుర్లభము. అయితే ఈ చిత్రము ఆ చూపును దాచక బయటపెట్టినదనియు ఒప్పుకొనవలెను. యంత్రభయమును స్త్రీభయమును ఇందు ఏకమైనవని ఆండ్రియాస్ హైసెన్ 1980 దశకారంభమున వివరించెను.

అమెరికాలో చిత్రమును కుదించినపుడు హెల్ వృత్తాంతమునే తొలగించిరి. ఆ పేరు ఆంగ్లమున నరకమను పదమువలె ధ్వనించునట! దానితో యంత్రస్త్రీ పుట్టుకకు మూలమైన వేదనయే మాయమయ్యెను. 2008లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లోని చలనచిత్ర ప్రదర్శనశాలలో దాదాపు సంపూర్ణమైన ప్రతి లభించినది. 2010లో పునరుద్ధరింపబడిన చిత్రమున హెల్ స్మారకశిల్పము మరల తెరపై కానవచ్చెను.