కోర, దంతం: రెండు మాటల చరిత్ర

పంది నోట బయటికి పొడుచుకువచ్చేది కోర. పాము విషం దించేది కోర. పులికి ఉన్నదీ కోరే. ఏనుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన నోట సాధారణంగా దంతం అనే మాటే వస్తుంది. పొడవాటి పంటికి ఈ రెండు పేర్లు ఎందుకు నిలిచాయి? నిఘంటువు అర్థం చెప్పి ఊరుకుంటుంది. మాట వెనక ఉన్న మనుషుల్ని వెతకడం సాహిత్య విద్యార్థి పని.

ముందు పుట్టుక సంగతి చూద్దాం. తెలుగులో అసలు మాట పన్ను. తమిళం 'పల్', కన్నడం 'హల్లు' దీని తోబుట్టువులు. దంతం సంస్కృతం నుంచి వచ్చింది. పారశీకం 'దందాన్', లాటిన్ 'దెన్స్', లిథువేనియన్ 'దంతిస్' దాని జ్ఞాతులు. తినడమనే అర్థమున్న ప్రాచీన ధాతువు నుంచి ఇవన్నీ పుట్టాయని చాలామంది భాషావేత్తలు చెబుతారు. దంష్ట్రకు మూలం కరవడం, రదనానికి గీరడం, ఇంగ్లీషు 'ఫాంగ్'కు పట్టుకోవడం. ఇవన్నీ పంటి పనిని బట్టి వచ్చిన పేర్లు.

కోర అలాంటిది కాదని నా అభిప్రాయం. 'కొరుకు'తో చుట్టరికం కలపాలని చెవికి తోస్తుంది గాని, కన్నడంలో 'కోరె' అంటే వంకర అని కూడా అర్థం. మన కోరమీసం దేన్నీ కొరకదు, వంపు తిరిగి పైకి లేస్తుంది, అంతే. ఊళ్లో ఆ మీసం ఎవరు మెలేసేవారో, దాని ఎదట భుజం మీది తువ్వాలు ఎవరు తీసేవారో మన కథలు చదివినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. ఆకారాన్ని చెప్పే మాట అధికారానికి గుర్తయింది.

జంతుశాస్త్రం ప్రకారం పంది కోర రదనిక, ఏనుగు దంతం పైదవడలోని కుంతకం. కాని జనం పుర్రెలు పరిశీలించి పేర్లు పెట్టరు. నన్నడిగితే తేడా బజారులో ఉంది. కోర భయపెట్టేది, దంతం అమ్ముడుపోయేది. ఇంగ్లీషులో జంతువు నోట ఉన్నదానికి ఒక పేరు, దుకాణంలో సరుకుకు ఇంకో పేరు. తెలుగులో రెంటికీ దంతమే. ఏనుగు నడుస్తుండగానే దాని నోట సరుకు కనిపించింది. 'ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే' అన్న సామెతలోని లెక్క ఇదే. దంతంలో దాదాపు మూడోవంతు పుర్రెలో పాతుకుని ఉంటుంది కనుక, మొత్తం కావాలనుకున్న వేటగాడు ఏనుగును చంపుతాడు.

ఈ వ్యాపారం చాలా పాతది. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథం 'పెరిప్లస్' కృష్ణా తీరపు మసాలియాలో నేత బట్టల గురించి చెప్పి, దానికి తూర్పున ఉన్న దొసరేనె దేశపు దంతాన్ని పేర్కొంది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పడిన పాంపే నగరంలో, 1938లో, భారతదేశపు దంతపు స్త్రీమూర్తి దొరికింది. దాన్ని చెక్కినవాడి పేరు మనకు దక్కలేదు. సాంచీ మొదటి స్తూపం దక్షిణ తోరణం మీద మాత్రం శిల్పపు పని విదిశ దంతకారులు చేశారని శాసనం ఉంది. రాజుల పేర్లతో నిండిన మన శాసన చరిత్రలో చేతిపనివాళ్ల సమూహం తన పనిని తనదని చెప్పుకున్న అరుదైన చోటు అది.

దీన్ని మన విమర్శ మరిచిపోయింది. ప్రజలకు దూరంగా ఉన్న కవిని దంతగోపురంలో ఉన్నాడంటాం. 1837లో ఫ్రెంచి విమర్శకుడు సాంత్ బొవ్, కవి వీన్యీ గురించి వాడిన మాట అది. మనమూ తెచ్చుకున్నాం. గోపురంలో ఉన్నవాణ్ణి నిందించాం గాని, ఆ దంతం ఎక్కడిది, చెక్కినవాడెవడు అని అడగలేదు.

కోర విషయంలో మన పొరపాటు ఇంకా పెద్దది. ఆకలి కోరలు, కరువు కోరలు, దారిద్ర్యపు కోరలు అంటూ అభ్యుదయ కవిత్వం పేజీలు నింపింది. ఆకలికి కోరలుండవు. ధాన్యం దాచినవాడు ఉంటాడు, కూలి ఎగ్గొట్టినవాడు ఉంటాడు. 1943లో బెంగాలులో లక్షలాది జనాన్ని చంపింది ఏ మృగమూ కాదు. యుద్ధకాలపు ప్రభుత్వ విధానం, పెరిగిన ధరలు, దాచిన బియ్యం చంపాయి. కోరలు తగిలించగానే మనుషులు చేసిన పని రాక్షసి పనిగా మారిపోతుంది. రాక్షసి మీద జాలిపాట రాయవచ్చు, లెక్క అడగలేం.

పత్రికల్లో 'కోరల్లేని చట్టం' అనే మాట కూడా ఇలాంటిదే. ఇంగ్లీషువాడు చట్టానికి పళ్లు లేవన్నాడు, మనం పళ్లను కోరలు చేశాం. కూలికి కనీస వేతనం ఇప్పించవలసిన చట్టానికి కావలసింది కోరలా? తనిఖీ చేసే అధికారి, అడిగే సంఘం, ఇచ్చితీరవలసిన గడువు కావాలి. కోరలున్న చట్టాలు ఎవరిని కరిచాయో ఈ దేశం 1975లో చూసింది.

కోర మంచి మాట, దాన్ని వదులుకోమని నేననను. రాసినప్పుడు అది ఎవరి నోట ఉందో కూడా రాయమంటాను.