గుడ్డ చిరగలేదు

మా మామ ఎమ్మిగనూరులో గుంట మగ్గం నేసేవాడు. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం నూలిచ్చి, గుడ్డ తీసుకుని ఊరికి అన్నం పెట్టిన రోజులు ఆయన తండ్రివి. మామ కాలానికి పవర్‌లూమ్ పాలిస్టర్ వచ్చి పడింది. పక్కనే ఆదోని యార్డు నిండా పత్తి ఉన్నా, నూలు చీర అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఆ పాలిస్టరే చివరికి ఆయన తొడలోకీ చేరింది.

షుగరు ముందు నొప్పిని ఎత్తుకుపోయింది. మగ్గం తొక్కే కాలి బొటనవేలికి పుండు పడితే ఆయనకే తెలియలేదు.

“ఏమయ్యా, వేలు నల్లబడిందే?” అంది అత్త.

“యాడ? నాకేం నొప్పి లేదే.”

నొప్పి లేకపోవడమే జబ్బని ఎవరు చెప్పాలి? ఆదోనిలో పాదం మీద నాడి అందలేదు. కర్నూలు పొమ్మన్నారు. తొడలో ధమని పూడిపోయింది. ఇలాంటప్పుడు సొంత కాలి సిరనే తీసి దారి మళ్లించడం మేలు. ఆయన సిర సన్నం, పనికిరాలేదు. మోకాలి పైదాకా డాక్రాన్ గొట్టం వేశారు. డాక్రాన్ అంటే పాలిస్టరే. 1950ల్లో హ్యూస్టన్‌లో డిబేకీ అనే సర్జన్ ఈ గుడ్డతోనే, ఇంట్లో కుట్టుమిషన్ మీద, మొదటి గొట్టాలు కుట్టుకున్నాడు. కత్తిరించగా మిగిలిన ముక్క చూపిస్తే మామ దాని సన్నటి మడతలు సాగదీసి, వేళ్ల మధ్య నలిపి, “అల్లిక గట్టిది, చిరగదు” అన్నాడు. గుడ్డ విషయంలో ఆయన మాట ఎన్నడూ తప్పలేదు. ఇక్కడా తప్పలేదు.

చెడింది కుట్టు దగ్గర. ధమని లోపలి పొర నెత్తురు గడ్డకట్టకుండా కాపలా కాస్తుంది. గుడ్డకు ఆ పొర ఉండదు. రెండు కొసల నుంచి కాస్త పాకి, మనుషుల్లో అక్కడే ఆగిపోతుంది. మిగతా పొడవంతా నెత్తురు ఉట్టి గుడ్డను రాసుకుంటూ పోవాల్సిందే. షుగరు అదుపు తప్పితే ప్లేట్‌లెట్లు తేలిగ్గా అతుక్కుంటాయి, రక్తనాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది, మాంసకృత్తులకు చక్కెర పట్టి గోడలు బిరుసెక్కుతాయి. కుట్టు చుట్టూ కండర కణాలు పెరిగి దారిని ఇరుకు చేస్తాయి. అన్నిటికన్నా పెద్ద గండం దిగువన ఉంది. మోకాలి కింది సన్న ధమనులు సున్నం పట్టి మూసుకుంటే, పైనుంచి వచ్చిన నెత్తురు ఎక్కడికి పోతుంది? పారుదల మందగిస్తే గొట్టంలోనే గడ్డ. గొట్టం తెరిచే ఉన్నా పాదం దక్కని షుగరు రోగులూ ఉన్నారు. మామ బీడీ మానలేదు. తప్పంతా షుగరు మీదకు తోయడం న్యాయం కాదు.

ఒక తెల్లవారుజామున పాదం చల్లబడింది. గడ్డ తీశారు. మళ్లీ కట్టింది. ఈలోగా చీము తొడదాకా పాకింది. పరాయి గుడ్డకు సూక్ష్మజీవి పట్టిందంటే మందులకు వదలడం కష్టం. గొట్టం తీసేశారు, తర్వాత మోకాలి పైకి కాలూ తీసేశారు. బయటికొచ్చిన గొట్టం ఎక్కడా చిరగలేదు, పోగు కూడా లేవలేదు. లోపల మాత్రం నల్లటి గడ్డ కొస నుంచి కొసదాకా బిగుసుకుని ఉంది.

గుంట మగ్గానికి రెండు కాళ్లూ కావాలి. ఇప్పుడు అత్త నేస్తోంది, మామ కండెలు చుడుతున్నాడు. రెండో కాలి వేళ్ల సందులు ఆమె రోజూ విప్పి చూస్తుంది. బీడీ దగ్గర మాత్రం ఇంకా పోట్లాటే.