తీగముక్క మోసుకొచ్చిన వారసత్వం

కోస్తాలో చిలగడదుంపగా, మరికొన్ని చోట్ల గెనుసుగడ్డగా, రత్నపురిగడ్డగా పేరుపడి, శివరాత్రి ఉపవాసం విడిచేవారి పళ్లెంలో తప్పక కనిపించే ఈ దుంప మన నేలలో పుట్టినది కాదు. దాని పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికాల ఉష్ణప్రాంతం. పసిఫిక్ దీవులవారు ఐరోపావారి రాకకు ముందే దీనిని సాగు చేయగా, కొలంబస్ యాత్రల తరువాత ఇది ఐరోపాకు, పోర్చుగీసు నావికుల వెంట ఆఫ్రికాకు, భారతదేశానికి, 16వ శతాబ్దం చివర ఫిలిప్పీన్స్ మీదుగా చైనాలోని ఫూజియన్‌కు చేరింది.

ఈ పంటకు రైతు విత్తనం చల్లడు. జానెడు, మూరెడు తీగముక్క కోసి, కణుపులు మట్టిలో కప్పబడేలా బోదెల మీద నాటుతాడు. కొత్త మొక్క తల్లికి అచ్చమైన నకలు కావడం వల్ల మంచి రకం తరతరాలు నిలిచింది, అయితే వైరస్ తెగుళ్లు కూడా అదే తీగలో ప్రయాణించాయి. కొత్త గుణాలు రావాలంటే పూవు పూచి గింజ కట్టాలి. చాలా రకాలు తమ పుప్పొడితో తాము గింజ కట్టవు; దీనినే ఆత్మవంధ్యత్వం అంటారు. పైగా ఇది 15 చొప్పున ఆరు కూర్పులుగా 90 క్రోమోజోములున్న షట్‌స్థితిక మొక్క కనుక, ప్రతి గింజ నుంచి వేరొక రూపం పుట్టుకొస్తుంది. వైవిధ్యానికి మూలం ఇదే, ప్రజనన శాస్త్రవేత్తకు చిక్కు కూడా ఇదే.

ఆఫ్రికా అనుభవం ఈ చిక్కుకు మంచి ఉదాహరణ. అక్కడి ప్రజలు ఇష్టపడే పిండిగా ఉండే తెల్లదుంపలో విటమిన్ ఎ నిచ్చే బీటా కెరోటిన్ దాదాపు లేదు; అది దండిగా ఉన్న నారింజరంగు దుంపలు తరచు నీరునీరుగా ఉండేవి. ఆ రెండు గుణాలను ఒకే దుంపలోకి తేవడానికి అనేక సంకరణలు అవసరమయ్యాయి. అలాంటి దుంపలను రూపొందించి, ప్రజల్లోకి తీసుకెళ్లిన కృషికి మరియా ఆండ్రాడే, రాబర్ట్ మ్వాంగా, జాన్ లో 2016లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. భారతదేశంలో 1963లో తిరువనంతపురంలో నెలకొన్న కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ నారింజరంగు భూసోన, ఊదారంగు భూకృష్ణ రకాలను అందించింది.

ఇలాంటి రకాల ఎంపికను త్వరపరచే దారి ఒకటుంది: కోరిన గుణాన్నిచ్చే జన్యువుకు పొరుగున ఉండి దాని ఉనికిని తెలిపే డిఎన్ఏ గుర్తులను, అంటే అణుసూచికలను, వాడితే, దుంప ఊరేవరకు నెలల తరబడి ఆగకుండా మొలక ఆకులోనే ఎంపిక మొదలుపెట్టవచ్చు. అయితే సూచిక ఉన్న గుణాన్ని చూపగలదే తప్ప లేనిదాన్ని పుట్టించలేదు. అందువల్ల 1971లో లిమాలో ఏర్పడిన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం వేలాది చిలగడదుంప నమూనాలను నేటికీ సజీవంగా కాపాడుతోంది.