నిప్పును కోరే అడవి – చాప్‌మన్ పంతులుగారి పాఠము

మన క్వాజులు-నటాల్‌లో వరుసలు తీర్చి పెంచే పైన్ చెట్లలో ఎలియటీ జాతి ఈ గడ్డది కాదు. మన తాతముత్తాతల వలెనే అదీ సముద్రము దాటి వచ్చినది. దాని పుట్టిల్లు అమెరికా దక్షిణ రాష్ట్రములు. అక్కడ దానికి జ్ఞాతి ఒకటున్నది, పొడుగాకు పైన్. ఆ చెట్టు కొరకు పాటుపడిన హెచ్. హెచ్. చాప్‌మన్ గారి (1874–1963) కథ మన పిల్లలు తెలుసుకోదగినదని ఇక్కడ వ్రాస్తున్నాము.

పూర్వము ఆ అడవి వర్జీనియా నుండి తూర్పు టెక్సాసు వరకు సుమారు 9 కోట్ల ఎకరములలో ఉండేది. 19వ శతాబ్ది చివర రైళ్ళు, రంపపు మిల్లులు వచ్చి దానిని నేలకూల్చినవి. విచిత్రమేమంటే, నరికిన చోట చాలావరకు ఆ చెట్టు మళ్ళీ లేవలేదు. కారణమేమి?

యేల్ యూనివర్సిటీలో అటవీశాస్త్రము బోధించే చాప్‌మన్ గారు విద్యార్థులను వెంటబెట్టుకొని లూసియానాలోని యురేనియాకు వెళ్ళి పరిశీలించినారు. అక్కడి మిల్లు యజమాని హెన్రీ హార్డ్‌నర్ గారు తన భూమిని ప్రయోగములకు ఇచ్చినారు. కంచె వేసిన చోటు, వేయని చోటు. కాల్చిన చోటు, కాల్చని చోటు పక్కపక్కన పెట్టి ఏళ్ళ తరబడి లెక్క చూసినారు.

ఈ మొక్క మొదటి కొన్నేళ్ళు గడ్డిదుబ్బు వలె నేలనంటి ఉంటుంది. పైకి ఎదగదు, లోపల వేరు దింపుకుంటుంది. ఆ వేళ్ళను పందులు పెకలించి తింటాయి. ఆకులకు మచ్చల తెగులు తగులుతుంది. పొదలు కమ్మేస్తాయి. సన్నని మంట నేలమీద పాకిపోతే తెగులాకులు కాలిపోతాయి, పొదలు తగ్గుతాయి. మొగ్గ మాత్రము ఆకుల గుబురులో భద్రముగా ఉంటుంది.

ఈ సంగతిని ఆయన 1926లో ప్రకటించినారు. నిప్పు అడవికి శత్రువని అటవీశాఖ బోధించే కాలమది. 1928 నుండి ‘డిక్సీ క్రూసేడర్లు’ అనే ప్రచారకులు లారీలలో తిరిగి, సినిమాలు చూపి ఊరూరా అదే చెప్పినారు. పశువుల మేత కొరకు గడ్డి కాల్చే పల్లెవారిని అజ్ఞానులన్నారు. ఏటేటా కాల్చితే లేత మొలకలు చస్తాయని చాప్‌మన్ గారూ ఒప్పుకున్నారు. కాని అదను చూసి, కొన్నేళ్ళకొకసారి కాల్చక తప్పదన్నారు. చివరకు 1943లో దక్షిణాది జాతీయ అడవులలో పద్ధతిగా కాల్చుటకు అటవీశాఖయే అనుమతి ఇచ్చినది.

అయినా నష్టము ఆగలేదు. 1990ల నాటికి సుమారు 30 లక్షల ఎకరములే మిగిలినవి. ఆ తరువాత నాటుట, కాల్చుట కలిసి సాగగా నేడు 50 లక్షలు దాటినది.

బడిపంతుళ్ళమైన మాకు ఇందులో ఒక మాట తోచినది. సాయంకాలపు తెలుగు తరగతికి ఏళ్ళుగా వస్తున్నా పిల్లలు నోరు విప్పరని తల్లిదండ్రులు దిగులుపడుతుంటారు. పైకి కనబడనంత మాత్రాన ఎదుగుదల లేదనుకోరాదు. వేరు దిగుతున్నదేమో! కంచె కట్టి, కలుపు తీసి, ఓపిక పట్టుట పెద్దల పని.